రాయకుండా వదిలేసిన వాక్యం

రాజీవ్ గాంధీ హత్య కేసులో ముగ్గురిని వేలూరు కేంద్ర కారాగారంలో ఉరి తీయడానికి ఖరారైన తేదీ 2011 సెప్టెంబర్ 9. మురుగన్, శాంతన్, పేరరివాళన్ ఆ ముగ్గురు. ఇంకో పది రోజులుందనగా, ఆగస్టు 30న, మద్రాసు హైకోర్టు స్టే ఇచ్చింది. వాళ్ల తరఫున వాదించినవారిలో రామ్ జెఠ్మలానీ ఉన్నారు. పేరరివాళన్‌ది జోలార్‌పేట. కాట్పాడిలో రైలెక్కితే కె.వి.కుప్పం, గుడియాత్తం ప్రాంతాలు దాటాక వచ్చే జంక్షనే అది.

1991 జూన్‌లో పట్టుబడేనాటికి అతనికి 19 ఏళ్లు. రెండు తొమ్మిది వోల్టుల బ్యాటరీలు కొని కుట్ర సూత్రధారి శివరాసన్‌కు ఇచ్చాడన్నది అతనిమీద ప్రధాన అభియోగం. వాటినే, రాజీవ్‌ను చంపిన మహిళ నడుముకు కట్టుకున్న బాంబులో వాడారని సీబీఐ చెప్పింది. కొన్నట్టు అతను ఒప్పుకున్న వాంగ్మూలమూ ఉంది. మామూలు కేసుల్లో పోలీసు ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. కానీ ఇది ఉగ్రవాద నిరోధక చట్టమైన టాడా కింద పెట్టిన కేసు. ఎస్పీ స్థాయి అధికారి రాసుకున్న వాంగ్మూలం చెల్లుతుందని ఆ చట్టంలో 15వ సెక్షన్ చెప్పేది.

ఆ వాంగ్మూలం రాసింది సీబీఐ ఎస్పీ త్యాగరాజన్. పదవీ విరమణ తర్వాత, 2013లో, ఆయనే బయటికొచ్చి అసలు సంగతి చెప్పారు. బ్యాటరీలు ఎందుకోసమో తనకు తెలియదని పేరరివాళన్ అప్పుడే చెప్పాడట. ఆ ముక్క రాస్తే ఒప్పుకోలు ఒప్పుకోలుగా నిలవదు కాబట్టి వదిలేశానన్నారు. తర్వాత సుప్రీంకోర్టుకు ప్రమాణపత్రం కూడా ఇచ్చారు. కొన్నది నిజమే కావచ్చు. కుట్ర తెలిసి కొన్నాడా, తెలియక కొన్నాడా అన్నదే కదా కేసంతా!

1998 జనవరి 28న పూనమల్లి ప్రత్యేక కోర్టు 26 మందికీ ఉరిశిక్ష వేసింది. టాడా కేసుల్లో హైకోర్టు మెట్టు లేదు, అప్పీలు నేరుగా సుప్రీంకోర్టుకే. 1999 మే 11న అక్కడ 19 మంది బయటపడ్డారు, ముగ్గురి శిక్ష యావజ్జీవంగా మారింది, పేరరివాళన్‌తో కలిపి నలుగురికి ఉరి ఖాయమైంది. టాడా నేరాలు రుజువు కాలేదని ఆ తీర్పే చెప్పింది. అదే తీర్పు, టాడా కింద తీసుకున్న వాంగ్మూలాలు మాత్రం చెల్లుతాయంది. న్యాయశాస్త్రం చదువుకున్నవాళ్లకు దీనికి సమాధానం దొరుకుతుందేమో గానీ, మామూలు మనిషికి మింగుడుపడదు.

ఉరి 2014లో యావజ్జీవమైంది. 2022 మే 18న, తెలుగువారైన జస్టిస్ లావు నాగేశ్వరరావు నాయకత్వంలోని ధర్మాసనం అతన్ని విడిచిపెట్టింది. అతని విడుదలకు తమిళనాడు మంత్రివర్గం చేసిన సిఫార్సును గవర్నరు తేల్చకుండా నాన్చడం ఆ తీర్పుకు ఆధారం. నిర్దోషి అని ఏ కోర్టూ చెప్పలేదు. త్యాగరాజన్ వదిలేసిన ఆ వాక్యం సంగతి 31 ఏళ్లయినా అలాగే ఉండిపోయింది.

టాడాకు 1995లోనే కాలం చెల్లింది కాబట్టి ఇదంతా పాతకథ అనుకోనక్కర్లేదు. పోలీసు ముందు ఒప్పుకోలు చెల్లకపోయినా, ముద్దాయి చెప్పగా వస్తువు దొరికిందంటే ఆ మేరకు చెల్లుతుంది. అందుకే ఎన్నో కేసులు మధ్యవర్తుల నామా, అంటే పంచనామా మీదే నిలబడతాయి. దర్యాప్తు దారి తప్పితే ఏమవుతుందో చెప్పడానికి, విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో 2007 డిసెంబర్‌లో జరిగిన ఆయేషా మీరా హత్య కేసు తెలుగువాళ్లకు గుర్తే. 2008లో పట్టుబడ్డ సత్యంబాబుకు 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషిగా తేల్చి, లక్ష రూపాయలు ఇవ్వమంది. ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిపాక! నిజంగా చంపిందెవరో తేల్చమని 2018లో దర్యాప్తును సీబీఐకి అప్పగించారు. తప్పుడు మనిషి లోపలుంటే అసలు మనిషి బయటే ఉంటాడు. చనిపోయిన పిల్ల తల్లిదండ్రులకూ అది అన్యాయమే.

కె.వి.కుప్పం, గుడియాత్తం వైపు దీనికి తోడు భాష చిక్కొకటి ఉంది. ఇక్కడ ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. వీధిలో తమిళం వచ్చినా, తమిళం చదవడం రానివాళ్లు పాతతరంలో ఎందరో. స్టేషన్లో కాగితం తమిళంలో ఉంటుంది, వేలిముద్ర పడుతుంది. పరదరామి దగ్గర రాష్ట్ర సరిహద్దు దాటి చిత్తూరు వైపు వెళ్తే వరస తిరగబడుతుంది. ఎర్రచందనం కేసుల్లో దొరికే కూలీల్లో చాలామంది జవ్వాది కొండల తమిళులు, రిమాండ్ రిపోర్టు తెలుగులో. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో చనిపోయిన 20 మందీ తమిళనాడు వాళ్లే. వాళ్లకు వకీలు పెట్టుకునే సందర్భమే రాలేదు. ముద్దాయికి తెలియని భాషలో సాక్ష్యం నడిస్తే, అతనికి తెలిసిన భాషలో వివరించాలని పాత సీఆర్‌పీసీ 279వ సెక్షన్, ఇప్పటి నాగరిక సురక్షా సంహిత 314వ సెక్షన్ చెబుతున్నాయి. అయితే అది కోర్టు హాల్లో సంగతి. స్టేషన్లో పడ్డ వేలిముద్ర అప్పటికే ఫైల్లో ఉంటుంది.

వకీళ్లే వెనక్కి తగ్గే సందర్భాలూ ఉన్నాయి. పోలీసులతో గొడవయ్యాక, వాళ్ల తరఫున ఎవరూ హాజరు కాకూడదని కోయంబత్తూరు న్యాయవాదుల సంఘం తీర్మానించింది. అలాంటి తీర్మానాలు చెల్లవని 2010 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. తొమ్మిదేళ్ల తర్వాత, పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగిన దిశ కేసులో నిందితులకు వకాల్తా పుచ్చుకోబోమని షాద్‌నగర్ న్యాయవాదులు అదే పని చేశారు. 2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. వాళ్లలో ముగ్గురు మైనర్లని, కాల్పులు కావాలనే జరిపారని సిర్పూర్కర్ కమిషన్ తేల్చింది. ఆ రోజు పోలీసులమీద పూలు చల్లినవాళ్లలో ఎంతమంది ఆ నివేదిక చదివారో!

కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో పని లేకుండా, ఉచిత వకీలు హక్కు. 1987 నాటి న్యాయసేవల చట్టంలోనే ఉందది. 15100కి ఫోన్ చేసి అడగొచ్చు. అరెస్టు వేళ, రిమాండ్ దశలోనే సాయం అందాలని జాతీయ న్యాయసేవల సంస్థ 2019లో పద్ధతి రూపొందించింది. జిల్లాల్లో ముద్దాయిల కోసం పూర్తికాలం పనిచేసే వకీళ్ల వ్యవస్థ 2022లో వచ్చింది. సరిహద్దు తాలూకాల్లో అదనంగా కావలసింది పెద్ద ఖర్చేమీ కాదు. గుడియాత్తంలో గానీ చిత్తూరులో గానీ ఆ వకీళ్లలో తెలుగూ తమిళమూ రెండూ చదవగలిగిన వకీలు ఒకరుండాలి. ఆ వకీలు, ముద్దాయి మేజిస్ట్రేటు ముందుకు వచ్చేలోపు కాదు, స్టేషన్లో కాగితం మీద వేలిముద్ర పడేలోపు రావాలి.