రబ్బరుతో చెరిపేసిన చుక్కలు

ఇంటర్ ఫిజిక్స్ ల్యాబులో ఇంత తక్కువ ఖర్చుతో అయిపోయే ప్రయోగాలు ఎక్కువ లేవు. ఒక బ్యాటరీ ఎలిమినేటరు, రియోస్టాటు, వోల్ట్‌మీటరు, అమ్మీటరు, నాలుగు వైర్లు. వోల్టేజి కొంచెం కొంచెంగా పెంచుతూ కరెంటు ఎంత పారుతోందో రాసుకుని గ్రాఫు గీయాలి. కానీ ఎన్నో కాలేజీల్లో పరీక్షలు దగ్గర పడ్డాకే ల్యాబు తాళం తీస్తారు. సీనియర్ల రికార్డు చూసి జూనియర్లు రాసేస్తారు, మార్కులు వచ్చేస్తాయి. ఈ తంతు ఏళ్ల తరబడి చూస్తున్న ఫిజిక్స్ లెక్చరరుగా నాకు కడుపు రగిలిపోతోంది.

ఒక్కసారి సిలికాన్ డయోడును ఫార్వర్డ్ బయాస్‌లో కలిపి, నాబు పిల్లల చేతికిచ్చి చూడండి. 0.1, 0.2, 0.3 వోల్టులు... మిల్లీ అమ్మీటరు ముల్లు ఉలకదు, పలకదు. పిల్లలు మొహాలు చూసుకుంటారు. వైర్లు కదిపి చూస్తారు. ‘డయోడు పోయింది సార్’ అంటారు. 0.5 దాటాక ముల్లు సన్నగా కదులుతుంది. 0.7 దగ్గరికొచ్చేసరికి నాబు వెంట్రుకవాసి తిప్పితే చాలు, ఒక్క ఊపున పైకి లేస్తుంది. అప్పుడు ఆ పిల్లల కళ్లు చూడాలి! ఆ 0.7ను వాళ్లు ఇంక బట్టీ పట్టనక్కర్లేదు.

టార్చి బల్బు సంగతి మరీ అన్యాయం. దాని గ్రాఫు తిన్నగా రాదు, పైకి వెళ్లేకొద్దీ వంగుతుంది. ఓమ్ నియమమంటే సరళరేఖ అని చదువుకున్న పిల్లవాడు ఆ వంపు చూసి భయపడతాడు. రబ్బరు తీసుకుని చుక్కలు చెరిపేసి, స్కేలు పెట్టి గీత కొట్టేస్తాడు. ఎగ్జామినరు టిక్కు పెడతారు. నా బాధంతా ఆ చెరిపేసిన చుక్కల గురించే. బల్బు నిజమే చెప్పింది. ఫిలమెంటు వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది. ఇళ్లలో వాడిన 60 వాట్ల బల్బుకు 230 వోల్టుల మీద వెలుగుతున్నప్పుడు దాదాపు 880 ఓములు ఉండే నిరోధం, చల్లారాక పదో వంతుకు అటూఇటూగా పడిపోతుంది. అందుకే స్విచ్ వేసిన క్షణంలో కరెంటు ఎగదన్నుతుంది, బల్బులు చాలావరకు అప్పుడే మాడిపోతాయి. ఇదంతా ఆ వంపులోనే ఉంది.

ఆ నియమం ఇచ్చిన ఓమ్ కూడా కొలోన్ పట్టణంలో బడి పంతులే. అప్పటి బ్యాటరీలు నిలకడగా ఉండేవి కావు. 1825లో ఆయన కొలతలు అందువల్లే కుదరలేదు. తోటి భౌతిక శాస్త్రవేత్త పోగెన్‌డార్ఫ్ సలహా మీద బిస్మత్, రాగి కలిపిన థర్మోకపుల్ తీసుకుని, ఒక కొసను మరిగే నీళ్లలో, రెండో కొసను మంచులో ఉంచి మళ్లీ కొలిచారు. 1827లో పుస్తకం వేస్తే సొంత దేశంలోనే చిన్నచూపు చూశారు. రాయల్ సొసైటీ కోప్లే పతకం ఇచ్చేసరికి 1841 వచ్చింది.

ఇక జపాన్ భౌతిక శాస్త్రవేత్త లియో ఎసాకి. 1957లో టోక్యోలో, తర్వాత సోనీగా పేరు మార్చుకున్న కంపెనీలో, జెర్మేనియం డయోడు మీద పనిచేస్తుంటే ఒకచోట వోల్టేజి పెంచితే కరెంటు తగ్గింది. మన ల్యాబులో అయితే ఆ రీడింగు రబ్బరు కిందికి పోయేది. ఆయన దాన్ని పట్టుకుని కూర్చున్నారు. టన్నెల్ డయోడు వచ్చింది, 1973లో నోబెల్ బహుమతిలో భాగమూ వచ్చింది.

‘ఎంట్రన్సులో ప్రాక్టికల్స్‌కి మార్కులు లేవు కదండీ’ అని తల్లిదండ్రులూ, యాజమాన్యాలూ నాతో అంటూనే ఉంటారు. నిజమే, లేవు. అయినా అడుగుతున్నాను. జూన్‌లోనే ల్యాబు తెరవండి. ఇద్దరు పిల్లలకు ఒక సెట్టు ఇవ్వండి. రీడింగు తప్పొస్తే మళ్లీ తీసుకునేంత టైమివ్వండి. ఎక్స్‌టర్నల్‌గా వచ్చే మాస్టార్లూ, మేడమ్‌లూ, మీరు రికార్డు అట్ట చూడకండి, ‘ఈ చుక్క గీత మీద ఎందుకు పడలేదమ్మా?’ అని అడగండి. కారణం చెప్పగలిగిన పిల్లకు, గీత వంకరగా ఉన్నా సరే, పూర్తి మార్కులు వేయండి.