అందరూ ఒక్కటి కారు

యూదులందరూ జియోనిస్టులేనన్న మాట మన ఇళ్లలో తరచూ వినిపిస్తుంది. చరిత్ర అలా చెప్పదు. మెస్సయ్య రాకముందే మానవ ప్రయత్నంతో రాజ్యం స్థాపించడం దైవాజ్ఞకు విరుద్ధమని యూదులలోని హసిదీ గురువులు అనేకులు తొలుత బోధించారు. నాజీ మారణకాండ అనంతరం వారి దారులు చీలాయి. బెల్జ్ గురువు అహరోన్ రోకేఅహ్ 1944లో పాలస్తీనా చేరారు. ఇజ్రాయెల్ ఏర్పడ్డాక ఎన్నికలలో ఓటు వేయమని శిష్యులకు చెప్పారు. సత్మార్ గురువు యోయెల్ టైటెల్‌బామ్ అదే ఏడాది ఒక జియోనిస్టు నాయకుడు ఏర్పాటు చేసిన రైలులోనే ప్రాణాలు దక్కించుకున్నారు. అయినా 1979లో మరణించే వరకూ ఆ రాజ్యాన్ని అంగీకరించలేదు.

గ్రంథప్రజలందరూ ఒకే తీరువారు కారని దివ్యఖుర్‌ఆన్ మనకు నేర్పింది. పాలస్తీనా పీడితుల పక్షాన పలికే నాలుక సైతం న్యాయం తప్పరాదు. పిల్లల ఎదుట 'యూదులు' అనబోయే ముందు, ఎవరిని ఉద్దేశించి అంటున్నామో ఒక్క క్షణం ఆలోచిద్దాం.