రుజువు ఎవరి చేతిలో ఉంది?

కేంద్ర కార్మిక, ఉపాధి మంత్రిత్వశాఖ నివేదిక ఏది తెరిచినా రెండు మాటలు పదేపదే కనిపిస్తాయి: రక్షణ, సంక్షేమం. ఆ మాటల మీద నాకు కోపం లేదు. వాటికోసం ఈ దేశపు స్త్రీలు జెండాలు పట్టుకుని నడిచారు, లాఠీదెబ్బలు తిన్నారు. నా పేచీ వేరే. ప్రభుత్వం రక్షిస్తానంటున్న ఆ 'కార్మికురాలు' ఎవరని నిర్ణయించేదెవరు? ఆమె చేసిన పనా, ఆమె పేరు రాసుకోవడానికి ఒప్పుకున్న యజమానా? బీడీ పరిశ్రమలో దీనికి ఇన్ని దశాబ్దాలుగా ఒకటే జవాబు. యజమానే. అందుకే అక్కడ రక్షణ హక్కు కాలేదు, యజమాని సిఫారసుగా మిగిలిపోయింది.

బీడీ సంగతే ఎందుకు ఎత్తుతున్నానంటే, 'చట్టం లేదు కాబట్టి అన్యాయం జరుగుతోంది' అని తప్పించుకోవడానికి వీల్లేని రంగం ఇది. మంత్రిత్వశాఖ లెక్కల ప్రకారమే దేశంలో నమోదైన బీడీ కార్మికులు దాదాపు 50 లక్షలమంది. వాళ్ళలో ఎక్కువమంది స్త్రీలు. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల వైపు పల్లెల్లో ఏ అరుగు మీద చూసినా ఒళ్ళో చాట, చేతిలో కత్తెర, పక్కన తడిపిన తునికాకు కట్ట.

1966లో వచ్చిన బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఆ కాలానికి గొప్ప చట్టమే. యజమానో కాంట్రాక్టరో ఇచ్చిన ముడిసరుకుతో ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే మనిషిని కూడా అది ఉద్యోగి అంది. ప్రసూతి ప్రయోజన చట్టాన్ని ఆమెకీ వర్తింపజేసింది. ఆకు ఇవ్వడం దగ్గర, బాగాలేవని బీడీలు తీసేయడం దగ్గర వచ్చే తగాదాలకి పరిష్కారం చూపించింది. 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చింది. 1977లో ప్రావిడెంట్ ఫండ్ వర్తింపజేశారు. యజమానులు ఊరుకుంటారా? ఇళ్ళలో చుట్టేవాళ్ళు మా ఉద్యోగులు కారంటూ సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1985లో పి.ఎం. పటేల్ కేసులో కోర్టు ఆ వాదన కొట్టేసింది. బాగాలేని బీడీని తిరస్కరించే హక్కు యజమానికి ఉందంటే, ఆ పని మీద అదుపు కూడా ఆయనదేనని చెప్పింది. ఆమె కూలి కోసే ఆ హక్కే ఆమె ఉద్యోగి అనడానికి సాక్ష్యమైంది.

చట్టం ఉంది, తీర్పు ఉంది. మరి ఆమె ఎక్కడ జారిపోయింది? కార్డు దగ్గర.

మా చిన్నమ్మ కామారెడ్డి దగ్గరి పల్లెకి కోడలుగా వెళ్ళేటప్పటికే ఆ ఇంట్లో అత్త పేరున కార్డు ఉంది. కోడలికి వేరే కార్డు అడిగితే టేకేదారు ఇవ్వలేదు. ఇంటికొకటి చాలన్నాడు. కార్ఖానాకి పోయే గంపలో అత్త చుట్టినవీ, కోడలు చుట్టినవీ, బడినుంచి వచ్చిన ఆడబిడ్డ చుట్టినవీ కలిసే ఉండేవి. లెక్క మాత్రం ఒక్క పేరు మీదే పడేది. అలా ఇరవై ఎనిమిదేళ్ళు. అత్త పోయాక తన పనికి ఏమైనా వస్తుందేమోనని చిన్నమ్మ ఒక దఫ్తరుకి వెళ్తే, "నువ్వు చేసినట్టు కాయితమేదమ్మా?" అని అడిగారు. "కాయితం సేటు దగ్గర ఉంటది బిడ్డా, మా దగ్గర ఆకు ముక్కలుంటయి" అంది నాతో.

బీడీ చుట్టేవాళ్ళ ఊళ్ళలో ఇదేమీ వింత కథ కాదు. పేర్లు తగ్గితే యజమాని కట్టాల్సిన ప్రావిడెంట్ ఫండ్ వాటా తగ్గుతుంది. ప్రసూతి సెలవు అడిగే మనిషి ఉండదు. గ్రాట్యుటీ అడిగే మనిషి ఉండదు. ఇంటి లోపల అత్త పెత్తనం, బయట కంపెనీ లెక్కపుస్తకం ఒకదానికొకటి భలే పనికొచ్చాయి. ఒకామె కార్మికురాలు, మిగిలినవాళ్ళు ఆమెకి 'సాయం'. నరసాపురం లేసు అల్లే స్త్రీల మీద మరియా మీస్ పుస్తకం 1982లో వచ్చింది. ప్రపంచ మార్కెట్‌కి సరుకు తయారుచేసే స్త్రీని గృహిణిగా చూపించడమే ఆ వ్యాపారానికి ఎంత లాభమో ఆమె చెప్పింది. మన తరగతి గదుల్లో ఆ పుస్తకాన్ని చాలాకాలంగా పాఠంగా చెప్పుకుంటున్నాం. లేసు పనిలో స్త్రీని కార్మికురాలు అనడానికే ఎవరూ సిద్ధంగా లేరు. బీడీ పనిలో చట్టం అనేసింది. అన్న తర్వాత కూడా గృహిణులు తయారవుతూనే ఉన్నారు. నాకు ఇదే ఎక్కువ భయం కలిగిస్తుంది.

రాష్ట్రం ఇచ్చే సాయం కూడా ఆ పేర్ల జాబితా మీదే నిలబడింది. తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకి మొదలుపెట్టిన వెయ్యి రూపాయల భృతి 2019లో 2,016 అయింది. మంచిపనే, కాదనను. కానీ దానికి అర్హత 2014 ఫిబ్రవరి నాటికి ప్రావిడెంట్ ఫండ్ ఖాతా ఉండటం. అంటే కేంద్రం దగ్గరున్న జాబితా. ఆ జాబితా రాసిందెవరు? యజమాని. ఆయన వదిలేసిన పేరుని కేంద్రం వదిలేసింది, కేంద్రం వదిలేసిన పేరుని రాష్ట్రం వదిలేసింది.

సంక్షేమ నిధి సంగతి చూద్దాం. ఆస్పత్రులు, డిస్పెన్సరీలు, పిల్లలకి స్కాలర్‌షిప్పులు, ఇంటికి సాయం అన్నీ ఆ నిధినుంచి వచ్చినవే. ఆ డబ్బు ఎవరి దయా కాదు. తయారైన బీడీల మీద సెస్సు వసూలు చేసి నింపిన నిధి అది. 2017లో జీఎస్టీతో పాటు ఆ సెస్సు పోయింది. ఆమె వేళ్ళ లెక్కన వచ్చే నిధి, బడ్జెట్‌లో కేటాయిస్తే వచ్చే నిధిగా మారింది. హక్కుకీ గ్రాంటుకీ తేడా ఏమిటో స్త్రీలకి ఎవరూ నేర్పనక్కర్లేదు. పుట్టింటి ఆస్తి విషయంలో మనకి బాగా తెలిసిన తేడానే.

పొగాకు మనుషుల్ని చంపుతుంటే ఆ పనిని కాపాడమంటారేమిటని అడిగే మిత్రులున్నారు. న్యాయమైన ప్రశ్నే. బీడీ తాగనక్కర్లేదు, రోజంతా ఆ పొగాకు ధూళిలో కూర్చున్న ఆమె దగ్గు వింటే చాలు. నేను కాపాడమంటున్నది బీడీని కాదు, ఆమెని. 2016లో ప్యాకెట్ మీద 85 శాతం హెచ్చరిక బొమ్మ వేయాలన్న నిబంధన వచ్చినప్పుడు యజమానులు పని ఆపేశారు. పస్తులున్నది మాత్రం చుట్టేవాళ్ళు. పొగాకు నియంత్రణ మీద అంతర్జాతీయ ఒప్పందాన్ని భారతదేశం 2004లో ఆమోదించింది. దాని 17వ అధికరణం పొగాకు కార్మికులకి ప్రత్యామ్నాయ జీవనోపాధి చూపించడాన్ని ప్రోత్సహించమంటుంది. 2017-18లో కార్మికశాఖ వేరే పనుల్లో శిక్షణ మొదలుపెట్టింది. 50 లక్షలమంది ఉన్నచోట శిక్షణ వేలల్లో ఉంటే దాన్ని ఉపాధి విధానం అనగలమా? ఆరోగ్యశాఖ బీడీ తగ్గాలంటుంది, ఆర్థికశాఖ బీడీ మీద పన్ను తీసుకుంటుంది, కార్మికశాఖ కార్డు ఉంటే రమ్మంటుంది. ముగ్గురూ ప్రభుత్వమే. ఆమె మాత్రం ఒక్కతే.

2025 నవంబర్ 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1966 చట్టం వాటిలో కలిసిపోయింది. తనిఖీ చేసే అధికారి ఇప్పుడు 'సహాయకుడు' కూడా. సహాయం ఎవరికని అడగడం మన పని. కంప్యూటర్ చూపించిన సంస్థకి వెళ్ళే తనిఖీ, ఏ రికార్డులోనూ లేని అరుగు దగ్గరికి ఎలా వస్తుంది? 2021లో మొదలైన ఈ-శ్రమ్‌లో పేరు రాయించుకోవచ్చని ఓదారుస్తారు. కానీ అది ప్రావిడెంట్ ఫండ్ లేనివాళ్ళకోసం పెట్టిన జాబితా. అత్త సంఘటిత కార్మికురాలు, అదే చాట ముందు కూర్చున్న కోడలు అసంఘటిత కార్మికురాలు! ఆ కార్డు తీసుకున్న రోజున కోడలు తన యజమానిని తనే వదులుకున్నట్టవుతుంది.

కావలసింది మరో పథకం కాదు. రుజువు భారం అటువైపు మారాలి. ఒక ఇంటికి ఆకూ తంబాకూ పంపిన యజమాని, ఆ ఇంట్లో చుట్టే ప్రతి వయోజన స్త్రీకీ యజమానే అని చట్టం మొదలే అనుకోవాలి. కాదంటే ఆయనే నిరూపించుకోవాలి. కార్మికశాఖ యజమాని పంపే జాబితాకోసం ఎదురుచూడకుండా, సంఘాలని వెంటబెట్టుకుని గడప గడపకీ వెళ్ళి తానే లెక్కరాసి కార్డు ఇవ్వాలి. గడిచిన ఏళ్ళ పనికి తోటి స్త్రీల సాక్ష్యాన్ని రుజువుగా తీసుకోవాలి. అరుగు మీద పక్కన కూర్చుని చుట్టిన మనిషికంటే మంచి సాక్షి ఎవరు? ఇంటి దగ్గర పనిచేసేవాళ్ళకోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో చేసిన 177వ ఒడంబడికని ఆమోదించాలి.

ఇక మన మాట. మన వ్యాసాల్లో, సెమినార్లలో ఈ పనిని 'అదృశ్య శ్రమ' అంటాం. ఎవరికి అదృశ్యం? టేకేదారుకి ప్రతి సాయంత్రం కనిపిస్తుంది. సేటుకి వెయ్యి బీడీల లెక్కలో కనిపిస్తుంది. పన్ను వేసే శాఖకి శాతాల్లో కనిపిస్తుంది. ఇంతమందికి కనిపిస్తున్నదాన్ని అదృశ్యం అనడం, దాచినవాళ్ళని మనమే తప్పించడం అవుతుంది. దీన్ని దాచిన శ్రమ అని రాద్దాం. అలా రాసినప్పుడు, దాచిందెవరని అడగకుండా ఆ వాక్యం ముగించలేం.