మొదటి మూడు బెంచీలు

బాస్కెట్‌బాల్ అనగానే మనవాళ్లు జోర్డాన్, కోబీ, లెబ్రాన్ అని గడగడా చెప్పేస్తారు. ప్యాట్ సమిట్ ఎవరని అడిగితే మాత్రం మొహమొహాలు చూసుకుంటారు. అమెరికాలో టెన్నెసీ యూనివర్సిటీ అమ్మాయిల జట్టుకి 38 సీజన్లు కోచ్‌గా ఉన్న మనిషి ఆవిడ. గెలిచినవి 1,098 మ్యాచ్‌లు, ఓడినవి 208. నేషనల్ ఛాంపియన్‌షిప్‌లు ఎనిమిది. 1997-98 సీజన్‌లో అయితే ఆడిన 39 మ్యాచ్‌లూ గెలిచేశారు.

ఇంత పెద్ద కెరీర్ ఎలా మొదలైందో చూడండి. 1974లో కోచ్ అయ్యేసరికి ఆవిడ వయసు 22. అంటే మన ఫైనలియర్ సీనియర్ల ఈడే. జీతం నెలకి 250 డాలర్లు. జట్టు వ్యాన్ తనే నడిపేది, యూనిఫాంలు తనే ఉతికేది. ఆ యూనిఫాంలు కూడా డోనట్లు అమ్మిన డబ్బుతో కొన్నవే. మొదటి మ్యాచ్ ఒక్క పాయింట్ తేడాతో పోయింది.

విద్యాసంస్థల్లో ఆడా మగా తేడా చూపకూడదన్న టైటిల్ నైన్ చట్టం అక్కడ 1972లోనే వచ్చింది. కానీ చట్టం రాగానే మర్నాడే సౌకర్యాలు ఊడిపడలేదు. కాలేజీ అమ్మాయిలకి ఎన్‌సీఏఏ ఛాంపియన్‌షిప్ మొదలవడానికే 1982 దాకా పట్టింది. 2006 నాటికి ఆవిడ జీతం ఏడాదికి పది లక్షల డాలర్లు దాటింది. కాబట్టి "వాళ్లకి డబ్బుందండీ, మనకి లేదు" అనే మాట ఇక్కడ చెల్లదు. అక్కడ డబ్బు తర్వాత వచ్చింది. ముందు ఒక చట్టం, దాన్ని పట్టుకుని ఏళ్ల తరబడి కదలకుండా కూర్చున్న ఒక కోచ్ వచ్చారు.

నాకు బాగా నచ్చింది కప్పుల లెక్క కాదు. ఆవిడ జట్టులో ఉంటే క్లాస్ ఎగ్గొట్టడం కుదరదు. పైగా మొదటి మూడు వరసల్లోనే కూర్చోవాలి! లాస్ట్ బెంచీ వీరులకి ఇది వింటేనే జ్వరం వస్తుంది. కానీ ఫలితం ఏమిటంటే, ఆవిడ దగ్గర పూర్తి కాలం ఆడిన ప్రతి అమ్మాయీ డిగ్రీ పూర్తి చేసింది. ఆట ఆడితే చదువు చెడుతుందనే మన పెద్దవాళ్ల భయానికి ఇంతకన్నా గట్టి జవాబు నాకు తెలీదు.

"అబ్బో, ఇంకో స్ట్రిక్ట్ హెచ్‌ఓడీ అన్నమాట" అంటారా? స్ట్రిక్టే. ఆవిడ చూపుకి పిల్లలు వణికిపోయేవారట. అంత కరుకుదనం అందరికీ పనికొస్తుందని నేనూ అనను. కానీ పిల్లల దగ్గర ఎంత అడిగిందో, తన దగ్గరా అంతే అడిగింది. 2011లో, 59 ఏళ్లకే, అల్జైమర్స్ అని తేలితే దాచలేదు. లోకానికి చెప్పేసి, ఇంకో సీజన్ కోచ్‌గా చేసి, 2012లో తప్పుకుంది. తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న హాలీ వార్లిక్ ఒకప్పుడు ఆవిడ దగ్గర ఆడిన అమ్మాయే. 2016లో, 64 ఏళ్లకి ప్యాట్ సమిట్ పోయారు.

ఇక మన సంగతికొద్దాం. మన దగ్గర అమ్మాయిల జట్టు ఫెస్ట్‌కి రెండు వారాల ముందు పుడుతుంది, ఫెస్ట్ అయిన మర్నాడు మాయమవుతుంది. సాయంత్రం కోర్టు అబ్బాయిలది. వాళ్లు ఖాళీ చేసేసరికి గర్ల్స్ హాస్టల్ ఇన్‌టైమ్ అయిపోతుంది. మళ్లీ "అమ్మాయిలు ఇంట్రెస్ట్ చూపించరు" అని మనమే తీర్మానిస్తాం. బంతి ముట్టుకునే వీలే లేనప్పుడు ఇంట్రెస్ట్ ఎక్కణ్ణుంచి వస్తుంది?

నేనడిగేవి మూడే. వారంలో మూడు సాయంత్రాలు కోర్టు అమ్మాయిలకి రాసిచ్చేయాలి. మ్యాచ్‌కి వెళ్లినవాళ్లకి ఓడీ అటెండెన్స్ బతిమాలించుకోకుండా వెయ్యాలి. ఏడాది పొడుగునా ఉండే కోచ్ ఒకరు కావాలి. మొదటి రెండింటికీ పైసా ఖర్చు లేదు. మూడోదానికి ఖర్చుంది, నిజమే. కానీ ఫెస్ట్ డీజేకి ప్రతి ఏడూ డబ్బు పుడుతూనే ఉందిగా!

వచ్చే స్టూడెంట్ కౌన్సిల్ మీటింగ్‌లో ఎవరో ఒకరం లేచి "అమ్మాయిల జట్టుకి కోచ్ ఎవరండీ?" అని అడుగుదాం. మొదటి మూడు బెంచీల్లో కూర్చునే అడుగుదాం, వినపడలేదని అనకుండా.