సబ్బు తర్వాతే ట్యూబు

పెదవేగి ఆయిల్‌పామ్ తోటల్లో గెలలు కోసే కూలీకి మట్ట ముల్లు గీసుకుంటుంది. కొల్లేరు చేపల చెరువుల్లో వల లాగేవాళ్లకు, తాడేపల్లిగూడెం వైపు నాట్లు వేసే ఆడవాళ్లకు కాలివేళ్ల సందులు నాని పాచిపోతాయి. ఆ గీతల్లోకి, పగుళ్లలోకి క్రిములు చేరి చీము పట్టడం మామూలే. మెడికల్ షాపుకెళ్లి “పుండుకి ఏదైనా ఆయింట్‌మెంటు ఇవ్వండి” అనడం, అడిగిందే తడవుగా ట్యూబు చేతికి రావడం కూడా అంతే మామూలైపోయింది. ఈ అమ్మకం ఆగాలి. మ్యుపిరోసిన్, ఫ్యూసిడిక్ యాసిడ్ వంటి యాంటీబయాటిక్ లేపనాలను పుండు చూసిన డాక్టరు చీటీ మీదే ఇవ్వాలి.

ఆ మందులు పనికిరానివని కాదు. పిల్లల మూతి చుట్టూ తేనె రంగు పక్కు కట్టి నాలుగైదు చీముపొక్కులు లేస్తే మాత్రలకన్నా లేపనమే మేలు. పక్కును సబ్బునీటితో నానబెట్టి తీసి, రోజుకు రెండుసార్లు, ఐదు రోజులు రాస్తే మ్యుపిరోసిన్ తన పని తాను చేస్తుంది. కానీ సెగ్గడ్డకు కావలసింది లోపలి చీము తీయించడం. గజ్జి ఒక పురుగు పని. వేళ్ల సందుల పాచి చాలాసార్లు ఫంగస్. షుగరున్నవాళ్ల పాదం పుండుకు ట్యూబుతో కాలక్షేపం చేస్తే వేలికో కాలికో ముప్పు. వీటన్నిటికీ ఇంట్లో ఉన్నది ఒకే ట్యూబు. దాని మూతి పుండుకు తగిలించి పిండుతారు, మూత పెట్టి కిటికీలో పడేస్తారు, నెల తర్వాత ఇంకొకరి మోకాలికి అదే రాస్తారు. గడువు తేదీ ఉండేది ట్యూబు అడుగున నొక్కిన అంచు మీద. పిండి పిండి చుట్టేసరికి ముందు మాయమయ్యేది అదే.

పైపూతే కదా, ఒంట్లోకి వెళ్లదు కదా అంటారు. మందుకు లొంగని క్రిమి తయారవడానికి ఆ మందు ఒంట్లోకి వెళ్లనక్కర్లేదు. స్టాఫిలోకాకస్ కాపురం ఉండేదే మన చర్మం మీద, ముక్కు రంధ్రాల్లో. ఫ్యూసిడిక్ యాసిడ్‌ను విరివిగా రాసిన నార్వే, స్వీడన్‌లలో ఈ శతాబ్దం మొదట్లోనే ఆ మందుకు లొంగని క్రిమి పిల్లల చీముపొక్కుల్లో వ్యాపించింది. పెద్ద ఆపరేషన్లకు ముందు మొండి క్రిమిని ముక్కులోంచి తొలగించడానికి ఆసుపత్రులు వాడేదీ ఈ మ్యుపిరోసినే. గీతకూ దోమకాటుకూ రాసి దాన్ని మొద్దుబారిస్తే నష్టపోయేది ఆపరేషన్ బల్ల మీదున్న మనిషి. స్టెరాయిడ్ కలిపిన ట్యూబులది మరీ అన్యాయం. ఎరుపు, దురద తగ్గించి నయమైందని నమ్మిస్తాయి, లోపల రోగం పెరుగుతూనే ఉంటుంది. 2018 మార్చిలో కేంద్రం 14 స్టెరాయిడ్ లేపనాలను చీటీ మీదే అమ్మాలన్నది ఊరికే కాదు.

చిన్న పుండు కోసం ఒకరోజు కూలి మానుకుని ఏలూరు పరుగెత్తాలా? గట్టి ప్రశ్నే. ఆ ఖర్చు కూలీ మీద పడకూడదు. ఊళ్లోని ఆరోగ్య కేంద్రంలో పుండును ఫొటో తీసి ఈ-సంజీవని ద్వారా డాక్టరుకు చూపించవచ్చు, ట్యూబును అక్కడే ఉచితంగా ఇవ్వవచ్చు. ఈలోగా మామూలు గీతకు శుభ్రమైన నీళ్లు, సబ్బు, పొడి గుడ్డ చాలు. ఇది పేదవాళ్లకని చెప్పే సర్దుబాటు మాట కాదు. కరాచీ మురికివాడల్లో చేసిన పరిశోధన 2005లో లాన్సెట్‌లో వచ్చింది: సబ్బుతో చేతులు కడుక్కున్న ఇళ్ల పిల్లల్లో చీముపొక్కులు 34 శాతం తగ్గాయి. కొద్దిచోట్లే ఉన్న పొక్కులకు బ్రిటన్ 2020 నుంచి యాంటీబయాటిక్ కంటే ముందు ఒక శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ క్రీమునే సూచిస్తోంది. అలాంటి యాంటిసెప్టిక్‌ను ఏలూరు జిల్లా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలన్నిటిలో నిల్వ ఉంచడం ప్రభుత్వానికి పెద్ద ఖర్చేమీ కాదు. జ్వరం వచ్చినా, ఎర్రదనం పాకుతున్నా, రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పంపాలి. షాపులకు తనిఖీకి వెళ్లే డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ఇకనుంచి మాత్రల అరలతో పాటు లేపనాల అర కూడా తెరిపించాలి, అమ్మిన ప్రతి ట్యూబుకూ చీటీ చూపించమనాలి.