పచ్చని తెర, పరుగెత్తిన తండ్రి



ప్రతి నెల ఈ పుటలో పిల్లల పెంపకము, సండేస్కూలు పని, ఇంటి ప్రార్థన గురించి మాట్లాడుకొనుచున్నాము. ఈ నెల సంగతి కొందరికి క్రొత్తగా తోచవచ్చును. గత వేసవి సెలవులలో మా హుస్నాబాద్ సండేస్కూలు గదిలో పిల్లలు ఒక బొమ్మల చిత్రము తీశారు. రెండు నిమిషములకు కొంచెము పైగా నడచు చిత్రమది. దానికి పది దినముల పని, 1,500 ఫోటోలు పట్టినవి. పిల్లలు నేర్చుకొన్నదానికంటె వారికి నేర్పబోయిన మేము నేర్చుకొన్నదే ఎక్కువ. అందుకే మీకు వ్రాయుచున్నాము.

వి.బి.ఎస్. మొదటి దినమున తప్పిపోయిన కుమారుని కథ చెప్పబోతే, వెనుక వరుసలో ఒక పిల్లవాడు "గది ఫోన్ల చూసినం సార్" అన్నాడు. మిగిలినవారు నవ్వారు. మాకు కోపము రాలేదు గాని, మనసులో బాధ కలిగింది. కథ చూచినారు, నిజమే. చూచి బొటనవ్రేలితో పైకి నెట్టివేశారు. ఆ రాత్రి మేము ఉపాధ్యాయులమందరము కూర్చొని, చూచుటకు అలవాటు పడిన పిల్లలను చేయువారినిగా మార్చుట ఎట్లని ఆలోచించి ప్రార్థించాము. సంఘపు పాత కంప్యూటరు ఉంది. కరోనా కాలములో కూటములకు కొన్న వెబ్ కెమెరా ఉంది. వాటితోనే మొదలుపెట్టాము.

పద్ధతి ఇది. బొమ్మను బల్లపై నిలిపి ఒక ఫోటో తీయవలెను. బొమ్మను కొంచెము కదిపి మరియొక ఫోటో తీయవలెను. మరల కదపవలెను, మరల తీయవలెను. సెకనుకు 12 ఫోటోల చొప్పున వరుసగా చూపితే బొమ్మ తానే నడచినట్లుండును. ఒక నిమిషమునకు 720 ఫోటోలు! లెక్క వినగానే పిల్లలు నోళ్లు తెరిచారు.

ఇది నేటి విద్య కాదు. మన దేశములో సినిమాకు పితామహుడైన దాదాసాహెబ్ ఫాల్కే బొంబాయిలో క్రీస్తు జీవితమును గూర్చిన మూకీ చిత్రము చూచి, ఆ ప్రేరణతోనే ఈ పనిలోనికి వచ్చాడు. ఆయన మొదట తీసినది రాజుల కథ కాదు. కుండలో బఠాణీ గింజ నాటి, అది మొలకెత్తి పెరుగు విధమును ఎదుట కెమెరా పెట్టి, దినదినము కొంచెముగా చిత్రించాడు. అది 1912 నాటి మాట. ఆ గింజ పెరుగుట చూచిన తరువాతనే ఆయనకు సినిమా తీయుటకు పెట్టుబడి దొరికింది. విత్తనము, ఓర్పు అనగానేమో మన రైతు కుటుంబములకు ఒకరు చెప్పనక్కరలేదు.

సంఘములును ఈ పద్ధతిని వాడుకొన్నవి. అమెరికాలోని లూథరన్ సంఘము 1961 నుండి 'డేవీ అండ్ గొలయత్' అను బొమ్మల కథలను టెలివిజనులో చూపించింది. ఒక బాలుడు, వాని కుక్క అందులో ముఖ్య పాత్రలు. 2000 సంవత్సరములో వచ్చిన 'ది మిరకిల్ మేకర్' క్రీస్తు జీవితమును ఎక్కువ భాగము బొమ్మలతోనే చూపిన పూర్తి నిడివి చిత్రము.

ఇక పచ్చని తెర మాట. మా కథకు తండ్రి ఇల్లు కావలెను, దూరదేశపు పట్టణము కావలెను, పందుల మంద తిరుగు పొలము కావలెను, ఇంటికి వచ్చు బాట కావలెను. ఇవన్నియు అట్టలతో కట్టుట మా వల్ల అగునా? కాబట్టి బల్ల వెనుక గోడకు చిలకపచ్చ గుడ్డ బిగించాము. ఫోటో తీసిన తరువాత కంప్యూటరులో "ఈ రంగు ఎక్కడ ఉంటే అక్కడ తీసివేయుము" అని చెప్పితే, పచ్చదనమంతయు పోయి బొమ్మ మాత్రము మిగులును. ఖాళీ అయిన చోట మనకు కావలసిన దృశ్యము పెట్టుకొనవచ్చును. ఎల్లమ్మ చెరువు కట్ట, ఊరి బయటి మట్టిబాట, మక్కచేను, ఇవన్నియు పిల్లలే ఫోనులో తీసి తెచ్చారు. ఆ బాటపై మట్టినే సంచిలో తెచ్చి బల్లపై పరిచాము. అప్పుడు ముందున్న మట్టియు వెనుకనున్న బాటయు కలిసిపోయినవి.

పచ్చ రంగే ఎందుకని పిల్లలు అడిగారు. మనుష్యుల చర్మములో ఆ రంగు ఉండదు గనుక ముఖము, చేతులు చెరగక మిగులును. మరియు నేటి కెమెరాల లోపల వెలుగును పట్టు చుక్కలలో సగము పచ్చ రంగును పట్టునవే. అందువలన ఆ రంగు తేటగా పడును. ఫిలిము కాలములో నీలి తెర వాడేవారు. 1956లో వచ్చిన 'ది టెన్ కమాండ్‌మెంట్స్' చిత్రములో ఎఱ్ఱ సముద్రము పాయలైన దృశ్యమునకు నీలి తెర వాడారు. 1959 నాటి 'బెన్ హర్' కొరకు పెట్రో వ్లాహోస్ అను ఇంజనీరు ఆ పద్ధతిని ఎంతో మెరుగుపరిచాడు.

చెప్పినంత సులువుగా జరుగలేదు. మొదటి దినపు ఫోటోలన్నియు పారవేయవలసి వచ్చింది. గుడ్డ ముడతలలో నీడలు పడి, ముడత ఉన్నచోటనెల్ల నల్లని గీతలు మిగిలినవి. ఇస్త్రీ చేసి, నాలుగు వైపులా లాగి కట్టాము. కిటికీలో నుండి వచ్చు ఎండ గంటకొక తీరున మారుచుండగా, చిత్రములో వెలుగు మిణుకు మిణుకుమనుచుండెను. కిటికీలు మూసి, గుడ్డకు రెండు ప్రక్కల రెండు ఎల్.ఇ.డి. బల్బులు, బొమ్మకు వేరుగా ఒకటి పెట్టాము. ఫ్యాను వేస్తే గుడ్డ కదులును, ఆపితే పిల్లలు తడిసి ముద్దగుదురు. మే నెల ఎండలు మీకు తెలియనివా! పది నిమిషములు పని, అయిదు నిమిషములు ఫ్యాను అని ఒప్పందము చేసుకొన్నాము. ఇంకొక దొంగ కెమెరాలోనే ఉండెను. అది తనంతట తానే వెలుగును, రంగును, చూపును సరిచేసుకొనుచుండెను. ఆ ఆటోమేటిక్ సెట్టింగులన్నియు ఆపినగాని ఫోటోలు ఒక తీరుగా రాలేదు.

బొమ్మలను బైండింగ్ వైరు, దూది, పాత గుడ్డలతో చేశాము. మట్టి క్రింద థర్మోకోల్ పలక ఉంది గనుక పాదములలో గ్రుచ్చిన గుండుసూదులు అందులో దిగి బొమ్మలు నిలిచినవి. తండ్రి బొమ్మను ఒక పిల్లవాని నాయనమ్మ కుట్టి ఇచ్చింది. తెల్ల ధోవతి, తలపాగా, భుజము మీద తన జాకెట్టు ముక్కతో చేసిన పచ్చ కండువ. ఎంతో ముచ్చటగా ఉంది. కంప్యూటరులో చూస్తే తండ్రి భుజము లేదు! కండువ ఉన్నచోట బాట కనబడుచుండెను. తెర రంగు, కండువ రంగు ఒకటే గనుక కంప్యూటరు రెండింటిని తీసివేసింది. పిల్లలు విరగబడి నవ్వారు. నాయనమ్మ మాత్రము నవ్వలేదు. "అయ్యో, భుజం లేకుంటె కొడుకును ఎట్ల అలుముకుంటడు?" అని, ఆ సాయంత్రమే ఎర్ర కండువ కుట్టి తెచ్చింది.

ఆ మాట మేము మరచిపోలేదు. వెనుకనున్న దాని రంగే మన మీద వేసుకొంటే, వెనుకనున్న దానితోపాటు మనమును చెరిగిపోదుము. లోకము నడచినట్లు నడువ వద్దని అపొస్తలుడు రోమా సంఘమునకు వ్రాసినది మనము ఎన్నిసార్లు వినలేదు! చదువుకు, కొలువుకు పట్నము పోయిన మన పిల్లలు నలుగురితో కలిసిపోవుటకు చిన్న కండువ వంటి సంగతియే మార్చుకొందురు. భోజనము ముందు ప్రార్థన మానుదురు, ఆదివారము మానుదురు. వారికి అది చిన్నదే. కాని ఆపదలో ఒకరిని అలుముకొనవలసిన భుజమే అక్కడ లేకుండ పోవును.

మరియొక సంగతి కూడ చూచాము. బొమ్మ తెరకు ఆనుకొని ఉంటే, దాని రంగు వేరైనను పచ్చని కాంతి వచ్చి అంచులపై పడును. అంచులు చిరిగినట్లగును. వెబ్ కెమెరా రంగుల వివరములను కుదించి పంపును గనుక ఈ చిక్కు మరింత ఎక్కువ. రెండు మూడు అడుగులు ముందుకు జరిపితే బాగైనది. లోకములో ఉండుట వేరు, దానికి ఆనుకొని ఉండుట వేరు.

మా సంఘపు పెద్దాయన ఒకరు నాలుగవ దినమున వచ్చి, చాలసేపు చూచి, "ఇది మోసము కాదా? లేని ఇంటిని ఉన్నట్టు చూపుడు దేవుని మందిరములో తగునా?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నయే. నేడు ఒకరి ముఖమును, గొంతును కంప్యూటరుతో సృష్టించి డబ్బు అడుగు మోసగాండ్రు ఉన్నారు. మన పల్లెలలోని ఫోన్లకు కూడ అట్టి వీడియోలు వచ్చుచున్నవి. మేము ఆయనతో ఇట్లన్నాము: "అయ్యగారూ, ప్రభువు ఉపమానము చెప్పినప్పుడు అది ఉపమానమని వినువారికి తెలుసు. దాచి చూపితే మోసము, చెప్పి చూపితే కథ." ఆయన ఒప్పుకొని ఒక షరతు పెట్టారు. ఆ ప్రకారము చిత్రము మొదటనే "ఇది సండేస్కూలు పిల్లలు బొమ్మలతో చేసిన కథ" అని వ్రాసి చూపాము. దానికి తోడు, తెర ఎట్లు పనిచేయునో సంఘమునకంతటికి చూపించాము. రంగు చెరిపి దృశ్యము మార్చుట తమ కన్నులతో చూచినవారు, ఫోనులో వచ్చిన ప్రతి వీడియోను నమ్మరు. అది మాకు అనుకోని మేలు.

ఇక చివరి సంగతి. కథలో తండ్రి కుమారుని దూరమునుండి చూచి పరుగెత్తవలెను. దానికి మేము 5 సెకనులు, అనగా 60 ఫోటోలు అనుకొన్నాము. ఆ పని నాయనమ్మ మనుమనికి ఇచ్చాము. మొదటి దినమున "ఫోన్ల చూసినం" అన్నవాడు వాడే. వాని తండ్రి దుబాయిలో కట్టడపు పనిలో ఉన్నాడు. వెళ్లి మూడేండ్లు దాటినది. మా ప్రాంతములో ఇట్టి ఇండ్లు ఎన్నియో మీకు తెలుసు.

వాడు బొమ్మను చెప్పినదానిలో సగమే కదుపుచున్నాడు. "ఇట్లయితే 120 ఫోటోలు పట్టును రా, కొంచెము ఎక్కువ కదుపు" అన్నాము. వాడు తల ఎత్తకుండానే, "బాపు గంత జల్ది ఎట్లొస్తడు సార్? శాన దూరముంటడు గద" అన్నాడు.

గదిలో ఎవరును మాట్లాడలేదు. కథలో దూరమున ఉన్నది కుమారుడు. వాని ఇంటిలో దూరమున ఉన్నది తండ్రి. మేము మరేమియు అనక ఫోటోలు తీయుచు పోయాము. 120 పట్టినవి.

వి.బి.ఎస్. ముగింపు దినమున గోడపై తెల్ల దుప్పటి కట్టి చిత్రము చూపాము. ఆ రాత్రియే నాయనమ్మ ఫోనులో దానిని దుబాయికి పంపారు. పని ముగించుకొని గదికి వచ్చి చూచిన తండ్రి వీడియో కాల్ చేసి, "నన్ను గంత ఉరికించినవేందిరా?" అని అడిగాడట. పిల్లవాడు, "నూట ఇరవై ఫోటోలు పట్టినయ్ బాపు. నువ్వు రాంగ రాంగ నా చేతులు గుంజినయ్" అన్నాడట. అటువైపు చాలసేపు మాట లేదని నాయనమ్మ మాతో చెప్పి కండ్లు తుడుచుకొన్నది.

తల్లిదండ్రులారా, పిల్లల యొద్దకు మనము చేరుట కూడ ఇట్లే ఉండును. ఒక్క దూకులో చేరలేము. దినమునకు ఒక మాట, ఒక ప్రార్థన, ఒక ఫోను పిలుపు. విడివిడిగా చూస్తే బొమ్మ కదిలినట్టే ఉండదు. వరుసగా చూచినప్పుడు మాత్రమే, తండ్రి పరుగెత్తి వచ్చుచున్నాడని తెలియును.

మీ సండేస్కూలులో చేయదలచినవారికి కొన్ని మాటలు. కెమెరాను ఇటుకకు టేపుతో గట్టిగా బిగించండి. ఒక్క వెంట్రుకవాసి కదిలినను చిత్రము ఎగురును. బొమ్మలను కదుపు పిల్లలు ముదురు రంగు చొక్కాలు వేసుకొనవలెను. తెల్ల చొక్కా వెలుగును బొమ్మపై పడవేయును. కథలో చెట్లు, ఆకులు ముఖ్యమైతే పచ్చ గుడ్డకు బదులు నీలి గుడ్డ కట్టండి. రంగు తీసివేయుటకు షాట్‌కట్ వంటి ప్రోగ్రాములు ఉచితముగా దొరుకును. మొదట పది సెకనుల కథ చేయండి, అనగా 120 ఫోటోలు. అంతకు మించి ఆశపడవద్దు.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో లూకా సువార్త 15వ అధ్యాయము చదివి, పిల్లలను ఒక ప్రశ్న అడగండి: తండ్రి ఎందుకు నడువలేదు, ఎందుకు పరుగెత్తినాడు? వారు చెప్పు జవాబు శ్రద్ధగా వినండి. దూరదేశములలో కష్టపడుచున్న మన సహోదరులను, వారి కొరకు ఎదురుచూచు ఇండ్లను ఆ ప్రార్థనలో జ్ఞాపకము చేసుకొనండి.

ప్రభువు కృప మీ అందరికి తోడైయుండును గాక. ఆమేన్.