దావత్ కాలేకపోయిన పిజ్జా

పిజ్జా అమ్మకాలు తగ్గుతున్నాయంటే కంపెనీల మొత్తం లెక్కలు చూసినవాళ్లు ఒప్పుకోరు. దేశంలో డామినోజ్ దుకాణాలు నడిపే జూబిలెంట్ ఫుడ్‌వర్క్స్ 1996లో ఢిల్లీలో ఒక్క దుకాణంతో మొదలైంది. 2024 నాటికి ఆ దుకాణాలు రెండు వేలు దాటాయి, నాలుగు వందలకు పైగా ఊళ్లకు పాకాయి. ఇంత విస్తరిస్తున్న వ్యాపారం తగ్గుతోందని ఎలా అనగలం?

తగ్గింది పాత దుకాణం గల్లాపెట్టె. 2023 సంవత్సరంలో వరుసగా నాలుగు త్రైమాసికాలు, అప్పటికే నడుస్తున్న డామినోజ్ దుకాణాల్లో అమ్మకాలు ఏడాది కిందటి కంటే పడిపోయాయి. మొదట 0.6 శాతం, తర్వాత రెండుసార్లు 1.3 శాతం చొప్పున, చివరికి అక్టోబరు-డిసెంబరులో 2.9 శాతం. అదే చివరి త్రైమాసికంలో కంపెనీ మొత్తం ఆదాయం సుమారు 3 శాతం పెరిగింది. పాత షట్టర్ల వెనక గిరాకీ తగ్గుతుంటే కొత్త షట్టర్లు ఎత్తి లెక్క సరిచేశారన్నమాట. పిజ్జా హట్ పరిస్థితి మరీ దారుణం. ఆ దుకాణాలు నడిపే రెండు సంస్థల్లో ఒకటైన సఫైర్ ఫుడ్స్‌లో అదే మూడు నెలల్లో పాత దుకాణాల అమ్మకం 19 శాతం పడింది.

ఇందులో ఇంకో కిటుకుంది. గిరాకీ బాగున్న దుకాణం పరిధిని రెండుగా చీల్చి పక్క వీధిలో మరొకటి తెరిస్తే, చీలిన ఆ పాత దుకాణాన్ని జూబిలెంట్ ఈ పోలికలోంచి తప్పిస్తుంది. లెక్కల పద్ధతిగా అందులో తప్పులేదు. కానీ అలా తప్పించాక కూడా తగ్గుదల కనిపించిందంటే సమస్య లెక్కలో లేదు, ప్లేటులో ఉంది.

కొత్త దుకాణాలు ఎక్కడ పెడతారు? మహానగరాల్లో ఖాళీ తగ్గాక కంపెనీల చూపు జిల్లా కేంద్రాల మీద పడింది. 2011 జనాభా లెక్కల్లో కరీంనగర్ రెండు లక్షల అరవై వేల పైచిలుకు ఊరు, ఆదిలాబాద్ లక్షా పదిహేడు వేల ఊరు. ఇలాంటి పట్టణాల్లో కొనేవాళ్లు దొరుకుతారన్న నమ్మకం మీదే కంపెనీల విస్తరణ అంతా నడుస్తోంది. ఊరివారీ అమ్మకాలు కంపెనీలు బయటపెట్టవు. అయినా ఈ రెండు ఊళ్లలో సాయంత్రం ఏడు తర్వాత జనం ఎక్కడ తింటున్నారో చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి.

ముందు కంపెనీలు చెప్పుకున్న సాకులు చూద్దాం. 2023లో శ్రావణం రెండు నెలలు వచ్చింది. అధిక మాసం, ఆ వెనక శ్రావణం, ఆ తర్వాత నవరాత్రులు వచ్చాయనీ, జనం బయట తినడం తగ్గించారనీ ఈ రంగంలోని కంపెనీలు వాటాదారులకు వివరించాయి. ఉత్తరాదిలో ఇది కొంత నిజమే కావచ్చు. మన దగ్గర మాత్రం ఈ లెక్క తిరగబడాలి. శ్రావణంలో నీచు మానేసే కుటుంబానికి పన్నీరు, మక్క గింజలు వేసిన పిజ్జా అభ్యంతరం కాదు. మెనూలో సగం శాకాహారమే ఉన్న కంపెనీకి ఆ రెండు నెలలూ గిరాకీ పెరగాల్సింది పోయి తగ్గిందంటే, మిగతా పది నెలల్లోనూ ఏదో తేడా ఉన్నట్టే.

ఆ తేడా ఏమిటో చెప్పడానికి ఒక్క అంకె చాలు. రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం 2014లో చేసిన సర్వేలో తెలంగాణలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులని తేలింది. దేశంలో అదే అగ్రస్థానం. ఇంత కూర తినే నేల మీదికి మైదా రొట్టె, జున్ను, పైన నాలుగు చికెన్ ముక్కలు వేసుకుని వచ్చారు. కొత్తలో కొన్నారు. చల్లని ఏసీ గది, ఎర్ర కుర్చీలు, పెట్టె మూత తీయగానే సాగే జున్ను... పిల్లల పుట్టినరోజుకు అంతకంటే ఏం కావాలి? కానీ పుట్టినరోజు ఏడాదికి ఒక్కసారే వస్తుంది. దుకాణం అద్దె ప్రతి నెలా కట్టాలి.

ఈలోగా పిజ్జా చేయాల్సిన పని మండీ చేసేసింది. మండీని బిర్యానీకి మరో రూపమని కొట్టిపారేసేవాళ్లు దాని వ్యాపారాన్ని గమనించనట్టే. హైదరాబాద్ బార్కస్‌లో స్థిరపడ్డ హద్రమీ అరబ్బుల ఇళ్ల నుంచి బయటికొచ్చిన ఈ వంటకం పదేళ్లలో జిల్లాల రోడ్డు పక్కకు చేరింది. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాలకు అది మరీ పరాయిది కాదు. ఇక్కడి పల్లెల్లో దుబాయి పోయొచ్చిన మనిషి లేని వాడ అరుదు. మస్కట్‌లోనో దమ్మామ్‌లోనో కూలి పని చేస్తూ శుక్రవారం నాడు తోటివాళ్లతో కలిసి పెద్ద పళ్లెంలో తిన్నవాళ్లు, ఇంటికొచ్చాక అదే రుచి అడిగారు. ఆ రుచికి కొనేవాళ్లు ముందే సిద్ధంగా ఉన్నారు.

పిజ్జా కంపెనీల సొంత వాగ్దానం కూడా అదే కదా: నలుగురూ చుట్టూ కూర్చుని ఒకే పెట్టెలోంచి తుంచుకుని తినడం. మండీలో కూడా నలుగురు ఒకే పళ్లెం చుట్టూ కూర్చుంటారు. తేడా ఏమంటే, పళ్లెం ఖాళీ అయ్యాక ఆ నలుగురికీ మళ్లీ ఆకలి వేయదు. అదే సొమ్ముకు వచ్చే పిజ్జాలు ఇద్దరికి అల్పాహారం, నలుగురికి నోరు ఊరించడం. ఉద్యోగం వచ్చినా, బండి కొన్నా, పరీక్ష పాసైనా కుర్రాళ్లు ‘దావత్ ఎప్పుడు?’ అని అడుగుతారు. ఆ దావత్ అంటే యాటకూర, లేదా బిర్యానీ, ఇప్పుడైతే మండీ. పిజ్జా తినిపించి దావత్ ఇచ్చానంటే దోస్తులు ఒప్పుకోరు.

ఇది కంపెనీకి తెలియదనుకోవద్దు. జూబిలెంట్ సంస్థే 2020 డిసెంబరులో గురుగ్రామ్‌లో ‘ఏక్‌దమ్’ పేరుతో బిర్యానీ దుకాణాలు తెరిచింది. అవి పెద్దగా విస్తరించలేదు. 2022 జనవరిలో బెంగళూరులో పొపాయ్స్ పేరిట వేయించిన కోడి అమ్మడం మొదలుపెట్టింది. పిజ్జా అమ్మే సంస్థే బిర్యానీ వైపు, కోడి వైపు చూసిందంటే జనం నోరు ఎటు తిరిగిందో లోపలివాళ్లకు ముందే అర్థమైందన్నమాట. స్విగ్గీ ఏటా ప్రకటించే లెక్కల్లోనూ బిర్యానీదే మొదటి స్థానం. 2024లో దేశమంతటా 8.3 కోట్ల బిర్యానీల ఆర్డర్లు వస్తే, అందులో 97 లక్షలు ఒక్క హైదరాబాద్‌వే.

ఇక డెలివరీ సంగతి. ‘ముప్పై నిమిషాల్లో రాకపోతే ఉచితం’ అన్న మాటే ఈ వ్యాపారానికి పునాది. అమెరికాలో రోడ్డు ప్రమాదాల కేసుల దెబ్బకు 1993లోనే డామినోజ్ ఆ హామీని ఎత్తేసింది. మన దగ్గర చాలాకాలం అదే ఆకర్షణ. ఇంకెవరూ ఇంటికి తెచ్చివ్వని రోజుల్లో ఆ మాటకు విలువ ఉండేది. ఇప్పుడు ఫోన్లో ఊళ్లోని ప్రతి హోటల్ మెనూ ఉంది. పిజ్జా ఎంతసేపట్లో వస్తుందో బిర్యానీ కూడా అంతసేపట్లోనే వస్తుంది. పిజ్జాకు మాత్రమే ఉన్న సౌకర్యం అందరిదీ అయిపోయింది.

అసలు కరీంనగర్‌లో డెలివరీ ఎంత అవసరం? టవర్ సర్కిల్ నుంచి ఊరి చివరికి బండి మీద పావుగంట. ఆదిలాబాద్‌లో అంత కూడా పట్టదు. ఇంట్లో బండి ఉన్నవాడు తానే వెళ్లి పార్సెల్ తెచ్చుకుంటాడు. దారిలో ఒక చాయ్ తాగుతాడు, నలుగురిని పలకరిస్తాడు. నగరంలో ట్రాఫిక్‌లో ఇరుక్కునే భయం వల్ల డెలివరీకి విలువ వచ్చింది. ట్రాఫిక్ లేని ఊళ్లో డెలివరీ ఛార్జీ కట్టడం దండగ అనిపిస్తుంది. 2023 జనవరిలో జొమాటో దేశవ్యాప్తంగా సుమారు 225 చిన్న పట్టణాల్లో సేవలు ఆపేసింది. అన్నీ కలిపినా కంపెనీ ఆర్డర్ల విలువలో అవి 0.3 శాతమేనట. చిన్న ఊళ్లలో ఇంటికి చేర్చే వ్యాపారం ఎంత పలచనో చెప్పే అంకె ఇంతకంటే లేదు. పిజ్జా కంపెనీలు మాత్రం అలాంటి ఊళ్లకు అదే పద్ధతితో వస్తున్నాయి.

వ్యతిరేక సాక్ష్యం లేకపోలేదు. డెలివరీ ఛార్జీ తీసేశాక, 2024 అక్టోబరు-డిసెంబరులో డామినోజ్ పాత దుకాణాల అమ్మకాలు 12.5 శాతం పెరిగాయి. ఇది చూపించి ‘పిజ్జా కథ ముగిసిందన్నారుగా’ అని ఎవరైనా నిలదీయవచ్చు. నేనైతే దీన్ని వేరేలా చదువుతాను. జనానికి పిజ్జా మీద కోపం లేదు, దాని ధర మీద ఉంది. నలభై యాభై రూపాయలు తగ్గగానే వెనక్కి వచ్చారంటే, అంతకు ముందు అన్నేళ్లూ ఆ మొత్తం వాళ్లకు భారమైందనే కదా. పైగా ఆ పెరుగుదలంతా ఇంటికి పంపే ఆర్డర్లది. దుకాణంలో కూర్చుని తినేవాళ్లు తగ్గారు. ఏసీ గదిలో కుటుంబమంతా కూర్చోవడమే ప్రధాన ఆకర్షణైన జిల్లా పట్టణాలకు ఈ సంగతి శుభవార్త కాదు.

ధరల విషయంలో కంపెనీలు చేసుకున్న నష్టం చిన్నదేమీ కాదు. 2023లో డామినోజ్ 49 రూపాయల చిన్న పిజ్జా తెచ్చింది. ఆ కంపెనీ ప్రపంచంలో ఎక్కడా అంత చవగ్గా అమ్మడం లేదని అప్పట్లో వార్తలొచ్చాయి. సెప్టెంబరులో పెద్ద పిజ్జాల ధరలు భారీగా కోసింది, 799 రూపాయల శాకాహార పిజ్జా 499కి దిగింది. కొన్నవాడికి సంతోషమే. కానీ నిన్నటి దాకా 799 పెట్టి కొన్నవాడికి ఏమనిపిస్తుంది? ఆ 300 ఇన్నాళ్లూ దేనికి కట్టానని అడుగుతాడు. ఆ తర్వాత ఆఫర్ లేని రోజున పిజ్జా కొనడు. వన్ ప్లస్ వన్ కోసం, కూపన్ కోసం కాచుకుని కూర్చుంటాడు. కొనేవాడికి బేరం అలవాటు చేసిందే కంపెనీ. ఇప్పుడు అతనికి విశ్వాసం లేదని వాపోయి లాభం లేదు.

మరోపక్క ఊళ్లోని బేకరీలు ఊరుకోలేదు. వీధి చివర ఓవెన్ పెట్టిన కుర్రాడు రెడీమేడ్ రొట్టె తెచ్చి, పైన మసాలా చికెన్ దండిగా వేసి, జున్ను తక్కువైనా మయోనైజ్ ఎక్కువ పోసి సగం ధరకే ఇస్తున్నాడు. కారం ఎంత కావాలంటే అంత. జున్ను నాణ్యత గురించి అడిగేవాళ్లు తక్కువ. కొన్నిచోట్ల అది పాలతో కాక నూనెతో చేసింది కూడా. నిజానికి పెద్ద కంపెనీలకు మిగిలిన అసలు బలం ఇక్కడే ఉంది. హైదరాబాద్‌లో మోమోలు తిన్న మహిళ చనిపోయాక, పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను రాష్ట్ర ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు నిషేధించింది. వంటగది శుభ్రత మీద జనంలో అంత భయం రేగిన సమయంలో ‘మా వంటగది చూసుకోండి’ అని జిల్లాల్లో గట్టిగా చెప్పుకోవాల్సింది. ఆ పని చేయకుండా జున్ను మీద మరో పొర జున్ను వేసి కొత్త పేరు పెట్టడంలో మునిగిపోయారు.

కొనుగోలు శక్తిని వదిలేసి రుచినొక్కదాన్నే తప్పుపట్టడం సరికాదు. పిజ్జాకు కావాల్సింది నెలనెలా జీతం వచ్చే మనిషి. ఉత్తర తెలంగాణలో అలాంటి మనిషిని పెంచింది సింగరేణి. గోదావరిఖని, మంచిర్యాల, బెల్లంపల్లి బజార్లకు కళ తెచ్చింది ఆ జీతాలే. 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికుల సంఖ్య ఇప్పుడు సుమారు 40 వేలు. 2024లో లాభాల్లోంచి 796 కోట్ల రూపాయలు కార్మికులకు పంచారు. సగటున ఒక్కొక్కరికి లక్షా తొంభై వేల దాకా. కాంట్రాక్టు కార్మికులకు దక్కింది 5 వేలు. అదే గనిలో పక్కపక్కన పనిచేసే ఇద్దరిలో ఒకరి ఇంటికి పిజ్జా మామూలు విషయం, రెండోవారి ఇంటికి అది ఖర్చు. రెండో రకం ఇళ్లు పెరుగుతున్నాయి.

ఆదిలాబాద్‌లో జీతం కంటే పత్తి ముఖ్యం. 2022 ఆరంభంలో క్వింటాలు పత్తి 10 వేలు దాటింది. 2023-24 సీజన్‌కు వచ్చేసరికి 7 వేల చుట్టూ తిరిగింది. రైతు చేతిలో మిగులు తగ్గితే ముందు కోతపడేది పట్టణం వెళ్లిన రోజు చేసే ఇలాంటి ఖర్చుల మీదే. ఒక జిల్లా పత్తి ధర దేశవ్యాప్త కంపెనీని కుదిపేస్తుందని నేను అనను. ఇలాంటి జిల్లాలు వందల్లో ఉన్నాయి, కొత్త దుకాణాలు అలాంటి జిల్లాల్లోనూ తెరుస్తున్నారు. ఇక్కడి డబ్బు పంట చేతికొచ్చినప్పుడు, దసరాకు, పెళ్లిళ్లకు వస్తుంది. ఆ రోజుల్లో ఇంట్లో మేకను కోస్తారు. నెలనెలా సమానంగా అమ్మాలనుకునే కంపెనీ లెక్క ఈ కాలచక్రంతో పొసగదు.

ఆదిలాబాద్ రుచి కూడా కరీంనగర్ రుచి కాదు. పెన్‌గంగ దాటితే మహారాష్ట్ర. పొద్దున పోహ, సాయంత్రం సమోసా, వడాపావ్ తినే అలవాటు అక్కడ పాతది. జిన్నింగ్ మిల్లుల చుట్టూ స్థిరపడ్డ వ్యాపార కుటుంబాల్లో శాకాహారులున్నారు. పిజ్జా కంపెనీ ఆలోచించి ఉంటే ఆదిలాబాద్‌కు ఒక మెనూ, కరీంనగర్‌కు మరో మెనూ ఉండేవి. రెండూ తెలంగాణ ఖాతాలోనే పడ్డాయి గనుక రెండింటికీ ఒకే కాగితం. సర్వపిండిని తెలంగాణ పిజ్జా అని పిలిచి మురిసిపోయే కాలం పోయింది గానీ, గోంగూర చికెన్‌తో ఒక పిజ్జా చేయడానికి ఎవరు అడ్డొచ్చారు?

డామినోజ్‌కు ఈ విద్య తెలియనిది కాదు. 2009 చివర్లో అమెరికాలో తమ పిజ్జా అట్టముక్కలా ఉందన్న కొనుగోలుదారుల తిట్లను సొంత ప్రకటనల్లోనే చూపించి, రొట్టె, సాస్, జున్ను మూడూ మార్చింది. మరుసటి త్రైమాసికంలోనే అక్కడి పాత దుకాణాల అమ్మకం 14.3 శాతం పెరిగింది. తినేవాడి మాట వింటే ఫలితం ఎలా ఉంటుందో ఆ కంపెనీ చరిత్రలోనే ఉంది.

జిల్లాల్లో దుకాణాలు నిలబడాలంటే చేయాల్సింది పెద్ద పరిశోధనేం కాదు. మరో యాభై ఊళ్లలో షట్టర్ ఎత్తే ముందు, ఇప్పుడున్న దుకాణాల్లో ముక్కలు పెంచాలి, కారం పెంచాలి, ఆఫర్ లేని రోజు కూడా నలుగురు కడుపునిండా తినే ధర పెట్టాలి. అది చేయలేకపోతే కరీంనగర్‌లో పిజ్జా పిల్లల పుట్టినరోజుల దగ్గరే ఆగిపోతుంది.